కొలాబ్ జలాశయం ఒడ్డున ఇల్లు: ముందంతా గాజు పెట్టొచ్చా?

జయపురం_చిన్నోడు
ఒడిశా కొరాపుట్ జిల్లాలో, కొలాబ్ జలాశయం ఒడ్డున మాకు 30 డెసిమల్ స్థలం ఉంది (ఆంధ్రావాళ్లు 30 సెంట్లు అనుకోండి). తాతల నాటిది. నాన్నగారు రిటైరై రెండేళ్లయింది. జయపురం బజారు గోల ఇక పడలేను, నీళ్ల పక్కన చిన్న ఇల్లు కట్టరా అంటున్నారు. నాకూ ఎప్పటినుంచో ఆ కోరిక ఉంది. కెనడా, నార్వే అడవుల్లో సరస్సుల ఒడ్డున కడతారు చూడండి, నల్లటి చెక్క గోడలు, ముందంతా నేల నుంచి కప్పు దాకా గాజు, నీళ్ల మీదికి వచ్చే చెక్క డెక్కు. అలాంటి ఫొటోలు వందల కొద్దీ దాచుకున్నాను. విశాఖలో ఒకాయన చేత ప్లాను గీయించాను. మా స్థలానికి నీళ్లు పడమట. అందుకని పడమటి గోడ మొత్తం, 36 అడుగుల పొడవునా గాజే. పైన చదును స్లాబు. డెక్కు ఆరు పిల్లర్ల మీద నీళ్లలోకి.

ప్లాను చూసి నాన్నగారు ఒకటే అడిగారు: "ఇందులో నేను కూర్చునే చోటు ఎక్కడరా?" డెక్కు చూపించాను. కాగితం మడిచి నా చేతికిచ్చేసి లోపలికెళ్లిపోయారు. వారమైంది, సరిగ్గా మాట్లాడుకోలేదు.

రోడ్డుకీ ఒడ్డుకీ పదిహేను అడుగుల ఎత్తు తేడా. ఎర్రమట్టి, కింది మూలలో బండ బయటికి కనిపిస్తోంది. ఇలాంటి ఇల్లు మన దగ్గర నిలుస్తుందా? కట్టినవాళ్లు, కట్టి ఇబ్బంది పడ్డవాళ్లు చెప్పండి.

పర్లాకిమిడి_పాప
ప్లాను ఫొటో పెట్టండి. ఊహించుకుంటేనే బాగుంది.

సిమెంటు_బస్తా
ముందు ఒకటి చెప్పు తమ్ముడూ. నీళ్లు స్థలానికి ఎంత దూరం? ఏ నెలలో కొలిచావు?

జయపురం_చిన్నోడు
అక్టోబరులో, దసరా సెలవల్లో కొలిచాం అన్నా. ఇల్లు వచ్చే చోటు నుంచి నీళ్ల అంచుకి నలభై అడుగులు. డెక్కు చివర సరిగ్గా నీళ్ల మీదికి వస్తుంది.

సిమెంటు_బస్తా
అక్టోబరా! ఓవర్సీరు గారూ, మీరు రావాలి ఇక్కడికి.

రిటైర్డ్_ఓవర్సీరు
వచ్చాను. బాబూ, అక్టోబరులో జలాశయం నిండుగా ఉంటుంది. వానాకాలం నీళ్లన్నీ పట్టుకుని ఏడాదికి సరిపెట్టుకునే సమయం అది. ఎగువ కొలాబ్ పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 858 మీటర్లు. కరెంటు తీయడానికి కిందికి ఎంతవరకు వాడొచ్చో ఆ కనీస మట్టం 844. మధ్యలో 14 మీటర్లు, అంటే 46 అడుగులు. నాలుగంతస్తుల మేడ ఎత్తు అనుకోండి. ప్రతి ఏడాదీ అంత కిందికి దిగుతుందని నేననను, వానని బట్టి ఉంటుంది. కానీ దిగడానికే కట్టిన జలాశయం అది. పవర్‌హౌస్ తిరగాలి, కింద కాలవలకి నీళ్లు వెళ్లాలి.

మీ ఒడ్డు వాలు తక్కువగా ఉంటే ఎత్తు పది అడుగులు తగ్గినా నీళ్లు వందల అడుగులు వెనక్కి పోతాయి. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా మీ డెక్కు ముందు నీళ్లుండవు. ఎర్రటి బురద, అది ఎండి నెర్రెలు, అందులో మేసే గేదెలు ఉంటాయి. మీరు ఫొటోల్లో చూసిన ఆ చలి దేశాల సరస్సులు చాలావరకు దేవుడు పెట్టినవి, ఏడాది పొడవునా ఇంచుమించు ఒకే గీత మీద నిలుస్తాయి. మనది మనం కట్టుకున్నది, ఊపిరి పీల్చి వదిలినట్టు పెరుగుతుంది, తగ్గుతుంది.

రెండో విషయం. పూర్తి నీటిమట్టం గీత కింద భూమి ప్రాజెక్టుది. మీ పట్టా ఆ గీతకి పైనే ఆగిపోతుంది. పిల్లర్లు నీళ్లలో దింపే హక్కు మీకు లేదు. అమీన్‌ని (సర్వేయరుని) పిలిపించి హద్దు కొలిపించండి.

మూడోది, పునాది వేసే ముందు ఒక మే నెల అక్కడ గడపండి.

జయపురం_చిన్నోడు
ఓవర్సీరు గారూ, నిజం చెప్పాలంటే మేలో ఎప్పుడూ వెళ్లలేదండి. ఎండకి ఎవరెళ్తారని. గుండె జారిపోయింది చదువుతుంటే.

గట్టుమీద_జామచెట్టు
మేలో నేను వెళ్తాను ప్రతి ఏడూ. మా అమ్మమ్మ ఊరు ఆ నీళ్ల కింద ఉంది. 1980ల్లో డ్యాము నిండినప్పుడు లేచి వచ్చేశారు. నీళ్లు బాగా తగ్గిన ఏడాది మా వాళ్ల పొలం గట్లు బయటపడతాయి. గళ్ల చీర పరిచినట్టు కనిపిస్తాయి గట్లు, ఇంకా చెరగలేదు. ఒక చింతమొద్దు ఉంది, నల్లగా, రాయిలా అయిపోయింది. అమ్మమ్మ బతికున్నప్పుడు దాని మీద చెయ్యి వేసి నిలబడేది, మాట్లాడేది కాదు. కాసేపయ్యాక "పద" అనేది.

మీరు కట్టుకోవద్దని చెప్పడం లేదు చిన్నోడు గారూ. మీ కిటికీలోంచి కనిపించేది ఉత్త నీళ్లు మాత్రమే అనుకోకండి. మేలో బురద కనిపించిందని మొహం తిప్పుకోకండి. అది మా ఊరు.

నాగావళి_ఒడ్డు
మీరు రాసింది రెండుసార్లు చదివాను అక్కా.

జయపురం_చిన్నోడు
అక్కా, నాన్నగారికి చదివి వినిపించాను. ఆ నీళ్లు ఎక్కుతుండగా ఆయన చూశారట. ఇన్నేళ్లలో నాతో ఎప్పుడూ అనలేదు.

పెంకుటిల్లు
నేను ఎండ సంగతి మాట్లాడతాను. నీళ్లు పడమట, గాజు పడమట. ఏప్రిల్‌లో మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా సూర్యుడు నేరుగా ఆ 36 అడుగుల గాజులోంచి హాల్లోకి దిగుతాడు. సాయంత్రం సూర్యుడు కిందికి వాలి ఉంటాడు కాబట్టి చూరు ఎంత ముందుకి లాగినా ఆపలేదు. పైగా నీళ్ల మీద పడి తిరిగొచ్చే వెలుతురు ఒకటి. మా చిన్నాన్నగారు సునాబెడలో పడమటి వైపు పెద్ద అద్దాల కిటికీలు పెట్టించారు. మూడో ఏడాదికి లోపల మందపాటి కర్టెన్లు వేశారు, ఐదో ఏడాదికి బయట వెదురు తడికలు కట్టారు. ఇప్పుడు ఆ గదిలో మధ్యాహ్నం కూడా లైటు వేసుకుంటారు.

గీత_గోడ
నేను ఆర్కిటెక్చర్ నాలుగో సంవత్సరం, మాది బరంపురం. మీరంతా గాజుని దొంగలా చూస్తున్నారు. గాజు పెట్టకపోతే నీళ్ల పక్కన ఇల్లెందుకు, జయపురంలోనే ఉండొచ్చు కదా? వేడిని వెనక్కి కొట్టే పూత వేసిన డబుల్ గ్లేజింగ్ (రెండు పలకల గాజు) ఇప్పుడు మన దగ్గరా దొరుకుతోంది. కొరాపుట్ కొండ మీద రాజమండ్రి ఎండ ఉండదు. చలికాలం ఐదారు డిగ్రీలకి పడిపోతుంది, అప్పుడు ఎండ లోపలికి రావాలి. ఆధునికంగా కట్టడం తప్పు కాదు.

పెంకుటిల్లు
తప్పని ఎవరన్నారమ్మా. ఏ వైపు, ఎంత అన్నదే ప్రశ్న. ఆ గాజు పగిలితే మళ్లీ తెప్పించడానికి ఘాట్ రోడ్డులో ఎన్ని మలుపులో లెక్కపెట్టు.

ఘాట్‌రోడ్డు_లారీ
నేను తెస్తాను గాజు, కానీ పగిలితే నన్ను అడగొద్దు. సాలూరు నుంచి పొట్టంగి ఎక్కే లోపు లోడు ఎన్నిసార్లు కదులుతుందో నాకు తెలుసు. ఒకసారి పన్నెండు పలకలు తీసుకెళ్తే తొమ్మిది దింపాను.

మంచులో_మామిడిపండు
మాది గుణుపురం. పెళ్లయ్యాక వచ్చి ఇప్పుడు కెనడాలో, సుపీరియర్ సరస్సు ఒడ్డున థండర్ బేలో ఉంటున్నాను. మీరు దాచుకున్న ఫొటోల్లాంటి ఇళ్లు మా పక్క రోడ్డులోనే ఉన్నాయి, ఒకటి కడుతుంటే రెండేళ్లు చూశాను. అందుకే రాయాలనిపించింది.

ఇక్కడ డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు ఆకాశంలో 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. కొండ అంచున దీపం పెట్టినట్టు ఉంటాడు. బయట మైనస్ ఇరవై, ముప్పై. ఆ కాస్త ఎండ ఇంట్లోకి ఎంత వస్తే అంత మేలు. అందుకని దక్షిణం వైపు గాజు పెడతారు. అదీ మూడు పలకల గాజు, పలకల మధ్య ఆర్గాన్ వాయువు నింపి ఉంటుంది. గాజు అందం కోసం వచ్చింది కాదు, చలికి విరుగుడుగా వచ్చింది. అందం తర్వాత కలిసొచ్చింది. కొరాపుట్‌లో అదే రోజు మధ్యాహ్నం సూర్యుడు 48 డిగ్రీల దగ్గర ఉంటాడు. మనకి ఎండకి కరువేముంది?

పునాది సంగతి. చలికాలం ఇక్కడ నేల ఆరడుగుల లోతు దాకా గడ్డకడుతుంది. మట్టిలో నీరు మంచై ఉబ్బి, లోతు లేకుండా పైపైన వేసిన పునాదిని ఇంటితో సహా ఎత్తేస్తుంది. అందుకే ఆ లోతు దాటి వెళ్తారు, లేదా గ్రానైట్ బండ దొరికితే దానికే ఇనుప కడ్డీలు దింపి ఇంటిని కట్టేస్తారు. ఫొటోల్లో ఇల్లు బండ మీద వాలినట్టు కనిపించేది అందుకే. డెక్కు గురించి కూడా చెప్తాను. నీళ్లలో ఉండే చెక్క వంతెనని చాలామంది అక్టోబరులో ఊడదీసి ఒడ్డుకి లాగేస్తారు. లేకపోతే మంచు ఒత్తిడికి విరిగిపోతుంది. ఫొటో తీసేది మాత్రం జులైలో.

ఇంకోటి. ఇక్కడ మరుగుదొడ్డి నీరు ఇంకే చోటు సరస్సుకి కనీసం 15 మీటర్ల దూరం ఉండాలని అంటారియో బిల్డింగ్ కోడ్ చెప్తుంది, చాలా మునిసిపాలిటీలు కొత్త ఇంటినే 30 మీటర్లు వెనక్కి కట్టమంటాయి. ఒడ్డున చెట్లు కొట్టనివ్వరు. మీరు నేర్చుకోవాలంటే గాజు కన్నా ఇది నేర్చుకోండి.

రిటైర్డ్_ఓవర్సీరు
బాగా చెప్పావమ్మా. సెప్టిక్ ట్యాంకు విషయం ఎవరూ ఎత్తలేదని చూస్తున్నాను. చుట్టుపక్కల పట్నాలకి తాగునీళ్లు ఈ జలాశయం నుంచే వెళ్తాయి. ఇంకుడు గొయ్యి రోడ్డు వైపు, స్థలం ఎగువ మూలలో పెట్టండి. దిగువ పెడితే మీ మురుగు వానాకాలంలో నేరుగా జలాశయంలోకే.

గీత_గోడ
మామిడిపండు అక్కా, మాకు క్లాసులో ఆ ఇళ్లు చూపించారు కానీ ఆర్గాన్ సంగతి, అక్టోబరులో డెక్కు ఊడదీసే సంగతి ఎవరూ చెప్పలేదు. థాంక్స్. అయినా మొత్తం మూసేయాలని మాత్రం ఒప్పుకోను.

మంచులో_మామిడిపండు
ఒప్పుకోకు. ఉత్తరం వైపు పెట్టు గాజు.

పెంకుటిల్లు
ఉత్తరం మంచిదే, కానీ ఒక మెలిక ఉంది. కొరాపుట్ 19 డిగ్రీల అక్షాంశానికి కాస్త కింద ఉంది కాబట్టి మే సగం నుంచి జులై ఆఖరు దాకా మధ్యాహ్నం సూర్యుడు నెత్తికి ఉత్తరం వైపే ఉంటాడు. ఉత్తరాన కూడా రెండున్నర అడుగుల చూరు వేయాలి. మిగతా ఏడాదంతా ఆ గాజులోంచి చల్లటి వెలుతురే వస్తుంది.

నాగావళి_ఒడ్డు
ఇల్లు గీసే ముందు కాగితాలు చూశారా? మాది రాయగడ, ఈ గొడవల్లో పదేళ్లుగా తిరుగుతున్నాను. కొరాపుట్ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతం. 1956 రెగ్యులేషన్ 2 ప్రకారం ఆదివాసుల భూమి మనలాంటి వాళ్ల పేరు మీదికి రాకూడదు. మీ తాతగారికి ఆ భూమి ఎవరి దగ్గర్నుంచి, ఎప్పుడు వచ్చిందో పాత కాగితం తీయండి. 1956 తర్వాత ఆదివాసీ దగ్గర కొన్నదైతే, దానికి అధికారి అనుమతి లేకపోతే, మీ పట్టా నిలవదు. అది న్యాయం కూడా. జామచెట్టు అక్క చెప్పినదాని తర్వాత ఇంకా గట్టిగా చెప్తున్నాను.

రెండోది, భూలేఖ్‌లో (ఒడిశా భూరికార్డుల సైటు) మీ భూమి కిసం, అంటే భూమి రకం, ఏముంది? "ఘరబారి" (ఇంటి స్థలం) అని ఉంటేనే ఇల్లు కట్టొచ్చు. సాగు భూమి అయితే తహసీల్‌లో భూసంస్కరణల చట్టం సెక్షన్ 8-ఎ కింద మార్పించుకోవాలి.

జయపురం_చిన్నోడు
చూశానండి. తాతగారి పేరు మీద జయపురం సంస్థానం కాలం నాటి పట్టా ఉంది, 1956కి చాలా ముందుది. ఎవరి దగ్గరా కొన్నది కాదు. కిసం మాత్రం "డంగర" (కొండ మెట్ట) అని ఉంది. 8-ఎ దరఖాస్తు పెట్టాలి.

నాగావళి_ఒడ్డు
పెట్టండి. అది వచ్చాకే పలుగు నేల మీద పెట్టండి.

ప్రాణహిత_పిల్లోడు
మాది సిరొంచ, గడ్చిరోలి జిల్లా. నది ఒడ్డునే పుట్టి పెరిగిన. నీళ్ల పక్కన ఇల్లు అంటే నాకు ఫొటో యాదికి రాదు, 2022 జులై యాదికొస్తది. ఆ వారం భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి పోయింది, మేము దానికి చాలా పైన, ప్రాణహిత దాంట్లో కలిసే చోట ఉన్నం. రాత్రి పదకొండుకి నీళ్లు వాకిట్ల ఉండె, రెండింటికి మంచం పట్టెకి వచ్చినయి. బియ్యం బస్తా అటక మీదికి ఎక్కించి, అమ్మని భుజాన వేసుకుని బయటికి నడిచిన.

నీళ్లు తీసినాక ఇంట్లకి పోతే గోడ మీద గీత. నా ఛాతీ ఎత్తున, స్కేలు పెట్టి గీసినట్టు. ఇప్పటికీ సున్నం వెయ్యలే దాని మీద. నేల మీద అడుగు మందం ఒండ్రు. ప్లైవుడ్ అల్మారాలు పొట్టు పొట్టు అయినయి, సిమెంటు అరలు మాత్రం కడిగితే మంచిగైనయి. కరెంటు బోర్డులన్నీ కింద ఉండె, అన్నీ పోయినయి. మీరు ఎక్కడ కట్టినా పీఠం ఎత్తుగ లేపుండ్రి. ప్లగ్గులు నడుముకి పైన పెట్టించుండ్రి. కింది అల్మారాలకి చెక్క వద్దు.

సిమెంటు_బస్తా
సిరొంచ తమ్ముడూ, అమ్మగారు ఎలా ఉన్నారు ఇప్పుడు?

ప్రాణహిత_పిల్లోడు
మంచిగున్నది అన్నా. వాన గట్టిగ పడితే మాత్రం ఇంకా నిద్రపోదు.

బజారు_వీధి
కానీ అది నది. ఇది జలాశయం. గేట్లు ఉంటాయి, మట్టం దాటదు కదా? చిన్నోడిని అనవసరంగా భయపెడుతున్నారు.

రిటైర్డ్_ఓవర్సీరు
సగం నిజం. నీళ్లు మీద పడే భయం నదికున్నంత ఉండదు. జలాశయం ఒడ్డుకి భయం నీళ్లు తగ్గేటప్పుడు. ఎలాగంటే, నిండుగా ఉన్నంతకాలం ఒడ్డు మట్టి నానిపోయి బరువెక్కి ఉంటుంది. బయటి నీళ్లు దాన్ని చెయ్యి పెట్టి ఆపినట్టు ఆపుతాయి. జలాశయం గబగబా దించితే బయట చెయ్యి తీసేసినట్టే, కానీ మట్టి లోపలి నీరు అంత తొందరగా బయటికి రాదు. అప్పుడు ఒడ్డు పెళ్లలు పెళ్లలుగా జారుతుంది. నా సర్వీసులో ఇలా జారిన ఒడ్డులు చాలా చూశాను. ఒకచోట గుడిసె ముందు నిన్నటిదాకా ఉన్న పెరడు తెల్లారేసరికి లేదు. దానికి తోడు గాలివానలప్పుడు అలలు అంచుని కొరుకుతూ ఉంటాయి. అందుకే అంచుకి దగ్గరగా బరువు పెట్టొద్దని అంటాను.

సిమెంటు_బస్తా
నా వంతు. కింది మూలలో బండ కనిపిస్తోందన్నావు, మిగతాది ఎర్రమట్టి. అందరూ చేసే తప్పు అక్కడే: సగం ఇల్లు బండ మీద, సగం మట్టి మీద. బండ కదలదు, మట్టి ఏటా కొద్దిగా కుంగుతుంది. మూడో ఏడాదికి సరిగ్గా ఆ గీత మీద గోడ చీలుతుంది, ఎన్నిసార్లు పూసినా మళ్లీ అక్కడే. మొత్తం ఒకే రకం నేల మీద పెట్టు. నన్నడిగితే ఇంటిని పైకి, రోడ్డు దగ్గరికి జరుపు. పదిహేను అడుగుల ఎత్తు నీకు ఉచితంగా దొరికింది, అక్కడి నుంచి ఇంకా ఎక్కువ నీళ్లు కనిపిస్తాయి. కొండ వైపు మట్టి తవ్వితే వెనక రాతి గోడ కట్టి, దానికి నీరు కారే కన్నాలు వదిలి, కింద కాలవ తీయాలి. మన దగ్గర ఏడాదికి 1500 మిల్లీమీటర్ల పైనే వాన, ఎక్కువ భాగం నాలుగు నెలల్లోనే. కన్నాల్లేని గోడని ఒక్క ఆగస్టు చాలు పడెయ్యడానికి.

పర్లాకిమిడి_పాప
అవును. తిత్లీ తుపాను (2018 అక్టోబరు) తర్వాత మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడ్డాయి. మనుషులు పోయారు. కొండ వైపు కాలవ తేలిగ్గా తీసుకోకండి.

ఘాట్‌రోడ్డు_లారీ
పిడుగుల మాట ఎవరూ అనడం లేదు. నీళ్ల పక్కన బోడి గట్టు మీద ఒంటరి ఇల్లు! మా బావగారింట్లో నిరుడు వైశాఖంలో పిడుగు పడి టీవీ, మోటారు, ఫ్యాన్లు అన్నీ ఒకేసారి పోయాయి, గోడలో వైరు కాలి నల్లటి చార మిగిలింది.

సిమెంటు_బస్తా
పిడుగు కడ్డీ తప్పకుండా పెట్టించు. ఎర్రమట్టిలో, బండలో ఎర్తింగ్ సరిగ్గా పట్టదు, ఒక్క రాడ్డు దింపి వదిలేస్తారు. లోతుగా గొయ్యి తీసి బొగ్గు, ఉప్పు వేసి, మీటరుతో కొలిపించాకే డబ్బులియ్యి.

పెంకుటిల్లు
కప్పు గురించి. చదును స్లాబు మీద నాలుగు నెలలు నీళ్లు నిలబడితే ఐదో ఏడాది నుంచి గదుల్లో చెమ్మ, గోడలకి బూజు, బీరువాలో పట్టుచీరలకి కూడా బూజు. మన చుట్టూ ఉన్న పరజా, గదబ ఆదివాసుల ఊళ్లు చూడండి. మందపాటి మట్టి గోడ, తల వంచి వెళ్లేంత కిందికి దిగిన చూరు, చుట్టూ ఎత్తైన అరుగు. ఒరియాలో పిండా అంటారు. వాన గోడకి తగలదు, మధ్యాహ్నం ఎండ తగలదు, చలికాలం పొద్దున్న ఎండ మాత్రం అరుగు మీదికొస్తుంది. ఈ కొండల్లో ఎలా బతకాలో ఎప్పుడో తేల్చుకున్నవాళ్ల ఇళ్లు అవి. ఇనుప గొట్టాల దూలాల మీద మంగళూరు పెంకు వేయండి.

బజారు_వీధి
పెంకు వేస్తే కోతులు? మా వీధిలో ఒక మంద వస్తే ముప్పై పెంకులు పోతాయి.

పెంకుటిల్లు
కింద సిమెంటు రేకు పరిచి దాని మీద పెంకు కూర్చోబెట్టండి. పెంకు పగిలినా ఇల్లు కారదు. చూరు దగ్గర తీగతో కట్టాలి. హుద్‌హుద్ రాత్రి కట్టనివే ఎగిరాయి.

గీత_గోడ
సరే, నేను రెండు రోజులు కూర్చుని మళ్లీ గీశాను, అందరూ చెప్పినవి పెట్టి. చిన్నోడు గారూ, చదివి చెప్పండి.

ఇల్లు రోడ్డు వైపుకి జరిగింది, మొత్తం మట్టి నేల మీద, పీఠం మూడడుగులు. ఉత్తర దక్షిణాలుగా పొడవు తగ్గించి, పడమటి ముఖాన్ని 36 నుంచి 22 అడుగులకి కుదించాను. ఆ 22 అడుగుల ముందు పది అడుగుల లోతైన వరండా. కప్పు రెండు వాలుల పెంకు, పడమట చూరు ఆరున్నర అడుగుల ఎత్తు దాకా దిగుతుంది. నిలబడితే చూరు అవతలి కొండని సగం కప్పుతుంది, నీళ్లే కనిపిస్తాయి. కూర్చుంటే జలాశయం, అవతలి కొండ మొత్తం కనిపిస్తాయి. నాన్నగారు కూర్చునే చోటు ఎక్కడ అని అడిగారు కదా, నేను అక్కడి నుంచే మొదలుపెట్టి గీశాను. హాలుకి ఉత్తరాన నిలువెత్తు గాజు ఒక్కటే, ఎనిమిది అడుగులు. అందులోంచి ఒడ్డు వంపు కనిపిస్తుంది. పడమట మూడు చిన్న కిటికీలు, వాటికి చెక్క తలుపులు, దోమతెర. డెక్కు తీసేశాను. గోడలు అక్కడి రాయి, లోపల సున్నం పూత. నాకు ఇది ఆధునికమైన ఇల్లే అనిపిస్తోంది.

మంచులో_మామిడిపండు
నిలబడితే నీళ్లు, కూర్చుంటే కొండ కూడా! ఈ ఒక్క గీత కోసం నువ్వు మంచి ఆర్కిటెక్టువి అవుతావు చెల్లీ.

సిమెంటు_బస్తా
పీఠం మూడడుగులు బాగుంది. మెట్లకి ర్యాంపు కూడా పెట్టు, పెద్దాయన మోకాళ్లు చూసుకోవాలి.

పెంకుటిల్లు
చూరు ఆరున్నర అంటే పొడుగువాళ్లకి తల తగులుతుంది. ఆరు ముప్పావు చెయ్యి.

జయపురం_చిన్నోడు
నాన్నగారు పక్కన కూర్చుని చెప్తుంటే టైపు చేస్తున్నాను: "అమ్మాయీ, నా చోటు దొరికింది. నాకు పొద్దున్న కాఫీ, సాయంత్రం రేడియో. వరండాలో ఒక సిమెంటు తిన్నె కట్టించు, కుర్చీలు వద్దు. వచ్చినవాళ్లు అడగకుండా కూర్చునేలా ఉండాలి. జామచెట్టు అమ్మాయి మేలో వచ్చినప్పుడు మా ఇంట్లో భోంచేసి వెళ్లాలి."

గట్టుమీద_జామచెట్టు
తప్పకుండా వస్తాను బాబాయ్ గారూ.

జయపురం_చిన్నోడు
ఏడు నెలల తర్వాత పాత చర్చని పైకి తెస్తున్నాను. 8-ఎ వచ్చింది. అమీన్ వచ్చి కొలిచాడు. ఓవర్సీరు గారు చెప్పినట్టే హద్దు రాయి నేననుకున్న చోటుకి పాతిక అడుగులు పైన తేలింది. ఆ ప్లాను ప్రకారం డెక్కుతో పాటు సగం హాలు కూడా ప్రాజెక్టు భూమిలో ఉండేది.

మే రెండో వారం నాన్నగారు, నేను, జామచెట్టు అక్క, వాళ్ల అబ్బాయి వెళ్లి మూడు రోజులు టార్పాలిన్ కింద ఉన్నాం. నీళ్లు ఎంత దూరం పోయాయంటే, హద్దు రాయి నుంచి అంచుకి నడిస్తే నాలుగు వందల ఇరవై అడుగులు. పొద్దున్న ఆ బురద మీద కొంగలు దిగాయి. పడమటి ఎండ మూడు గంటలకే టార్పాలిన్ కిందికి వచ్చేసింది, ఆరు దాకా కూర్చోలేకపోయాం. ఇల్లొచ్చే చోట నాలుగు వెదురు కర్రలు పాతి, ఆరు ముప్పావు ఎత్తున తాడు కట్టి, నాన్నగారిని ఇటుకల మీద కూర్చోబెట్టి చూశాం. గీత గారూ, మీరన్నట్టే తాడు కింద నుంచి అవతలి కొండ మొత్తం కనిపించింది. చింతమొద్దు ఈసారి బయటపడలేదు, గట్లు మాత్రం కనిపించాయి. అక్క వాటి మీద నడిచింది. నాన్నగారు కూడా వెనకే వెళ్లారు, చెప్పులు విప్పి.

పునాది రేపు శ్రావణంలో. ఇప్పుడు పెంకుల వేటలో ఉన్నాను. కొత్తవి దొరకడం కష్టంగా ఉంది.

పెంకుటిల్లు
బొబ్బిలి, పార్వతీపురం వైపు పాత ఇళ్లు పడగొడుతున్నారు. యాభై ఏళ్ల నాటి మంగళూరు పెంకులు లెక్కన అమ్ముతారు, కొత్తవాటి కన్నా గట్టివి. ఒక్కో పెంకు చేత్తో పట్టుకుని వేలి కణుపుతో కొట్టి చూడు. ఖంగుమంటే మంచిది. బొదబొదలాడితే లోపల చీలిక ఉన్నట్టు, పక్కన పెట్టెయ్.

ఘాట్‌రోడ్డు_లారీ
లోడు నేను తెస్తాను. గడ్డి పరిచి నిలువుగా పేర్చాలి. పెంకులు నా చేతిలో పగలవు.

జయపురం_చిన్నోడు
గురువారం తెల్లవారుజామున బొబ్బిలి బయల్దేరుతున్నాం అన్నా. నాన్నగారు కూడా వస్తున్నారు. పెంకులు కొట్టి చూసే పని తనదేనంటున్నారు.